ఎవరు పిలిస్తే తల తిప్పాడు

పొద్దున్నే టీ తాగగానే వదినా ఆడపడుచూ వార్నిష్ గదిలో కిటికీ దగ్గర చెరో పీట వేసుకుని కూర్చునేవాళ్ళు. మధ్యలో గోనెసంచి నిండా బంకముద్దలు. నక్షత్రాల్లాంటి ఆకులుండే ఒక రకం చెట్లకు గాటు పెడితే తేనెరంగు బంక కారుతుంది. కారేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే, చీమ చిక్కుకున్నట్టు, వాళ్ళ క్షణం ఒకటి అందులో చిక్కుకుపోతుంది. అందుకని ప్రతి ముద్దనూ వెలుతురుకు పట్టి చూడాలి. ఖాళీవి పొయ్యి మీది కాగులోకి, మనుషులున్నవి బుట్టలోకి. పొరపాటున మనిషి కరిగితే, ఆ క్షణంలో వినిపించిన చప్పుడు ఒక్కసారి బయటికొచ్చి గాలిలో కలిసిపోతుంది. వార్నిష్ మాత్రం మబ్బు పట్టిపోతుంది, ఎవరూ కొనరు.

“ఇదిగో, తుమ్మబోయి ఆగిపోయిన పెద్దమనిషి,” అని ఆడపడుచు బుట్టలో వేసేది.

“పాపం, ఎన్నాళ్ళ నుంచి ఆపుకున్నాడో! కరిగించి పుణ్యం కట్టుకోవే,” అనేది వదిన.

కిటికీ గూట్లోని ముద్ద దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరి నవ్వులూ ఆగిపోయేవి. ఏళ్ళు గడిచి అంబరు రాయిలా గట్టిపడిన ఆ ముద్దలో ఉన్నవాడు వదినకు మొగుడు, ఆడపడుచుకు అన్న. పోయి చాలా కాలమైంది. చేతిలో చెట్టుకు గాటు పెట్టే గీత కత్తి, ఎవరో పిలిస్తే తల తిప్పి నవ్వబోతున్నాడు. పిలిచింది ఎవరన్నదే గొడవ.

“నేనే. భోజనానికి రమ్మని పిలిచాను.”

“నిన్ను చూసి ఏనాడు నవ్వాడు వదినా? నేను అన్నయ్యా అన్నాను. ఆ నవ్వు నాది.”

“అవునవును, చంటిపిల్లవి కదూ, నిన్ను చూసి మురిసిపోయాడు!”

తేల్చుకోవాలంటే కరిగించాలి. కరిగిస్తే మనిషి మిగలడు. ముద్దను రెండోవాళ్ళకు వదిలి వెళ్ళే మనసు రాక ఇద్దరూ ఆ ఇంట్లోనే ముసలివాళ్ళయ్యారు.

ఈ మధ్య వదినకు మతిమరుపు మొదలైంది. నూనె సీసా చేత్తో పట్టుకుని ఇల్లంతా వెతికేది. గరిటెను చూపించి “దీనికేదో పేరుందే,” అనేది. మనుషులున్న ముద్దల్ని ఖాళీ అనేది. ఆడపడుచు వాటిని మళ్ళీ చూసి వేరు చేసేది.

ఒకరోజు వదిన గూట్లోంచి ఆ ముద్దను తీసింది. కొంగుతో తుడిచి వెలుతురుకు పట్టింది.

“ఖాళీ,” అని కాగు వైపు నడిచింది.

ఆడపడుచు దిగ్గున లేచింది. ‘వదినా, ఆగు’ అన్న మాట నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళకు తేలిపోతుంది కదా అన్న ఆశ దాన్ని అక్కడే పట్టి నొక్కేసింది. ఆ లిప్తలోనే ముద్ద కాగులో పడింది. గరిటె పెట్టి తీయబోతే తీగలు సాగింది.

ఆవిరిలోంచి ఒక పడుచు గొంతు లేచింది. నవ్వు దాచుకుంటూ, “ఏమండీ, ఇటు చూడరూ,” అంది. అంతే.

ఆడపడుచు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చెల్లెలు పిలిచే పిలుపు కాదది.

వదిన మొహం నల్లబడింది. “అదెవతే, నా మొగుణ్ణి ఏమండీ అంటోంది?”

“నువ్వే వదినా! పెళ్ళైన కొత్తలో నీ గొంతు అచ్చం అలాగే ఉండేది.”

“నా గొంతు నాకు తెలియదా? ఎంతైనా అన్న కదా, వెనకేసుకురాక ఏం చేస్తావు!”

ఆడపడుచు ఒట్లు పెట్టుకుంది. ఏడ్చింది. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. వదిన గోడ మీది ఆయన ఫొటో దింపి బొగ్గుల గంప వెనక పడేసింది.

ఆ తర్వాత వదిన మతిలోంచి ఒక్కొక్కటే పోయాయి. తాళం తీయడం, జడ వేసుకోవడం, సందు చివరి నుంచి ఇంటి దారి. ఆ గొంతు మాత్రం పోలేదు.

ఒక మధ్యాహ్నం ఆడపడుచు తల దువ్వుతుంటే, వదిన ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“నువ్వెవరమ్మా, మంచిదానిలా ఉన్నావు. ఎవరికీ చెప్పనంటే ఒక మాట చెబుతా. మా ఆయనకు ఎవరో ఉండేదమ్మా. నా చెవులతో విన్నాను. తిడదామన్నా నోరు రాదు, ఏం గొంతనుకున్నావు! నాకూ అలాంటి గొంతుంటే, నా వైపూ ఒకసారి తిరిగి చూసేవాడేమో.”