త్రికోణం వెలిగినప్పుడు

తోర్గెయిర్ రోజూ కొట్టేవాడు కాదు. రోజూ కొట్టి ఉంటే భార్య ఇంగ్విల్ ఎప్పుడో పెట్టె సర్దుకుని వెళ్లిపోయేదేమో. కొన్ని వారాలు మెత్తగా ఉండేవాడు. ఓడల మరమ్మతు యార్డు నుంచి వస్తూ ఆమెకిష్టమని దాల్చినచెక్క బన్నులు తెచ్చేవాడు. ఆ తర్వాత ఏదో ఒక సాయంత్రం, ఉడికించిన బంగాళాదుంపలు చల్లారిపోయాయనో, ఆమె బూట్లు గుమ్మానికి అడ్డంగా ఉన్నాయనో, జుట్టు పట్టుకుని వంటింటి గట్టుకేసి మోదేవాడు.

ఏ సాయంత్రం ఎలాంటి మనిషి వస్తాడో తెలిసేది కాదు. బెర్గెన్ ఊళ్లో కొండవాలున ఉన్న ఆ చెక్క ఇంటికి వీధిలోంచి నిటారుగా మెట్లు. చేపల ఫ్యాక్టరీలో సాల్మన్ కోసే పని ముగించుకుని వచ్చాక, ఇంగ్విల్ వాన చప్పుడు మధ్య ఆ మెట్ల చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడేది. అరచేతులు చల్లబడేవి. గుండె దడ మొదలయ్యేది.

ఒకసారి ఆ ఎదురుచూపు తట్టుకోలేక ఆమే పళ్లెం నేలకేసి కొట్టింది.

"కొట్టేదుంటే ఇప్పుడే కొట్టెయ్. నాకు పనుంది," అంది.

కొట్టాడు. పక్కటెముక విరిగింది. ఆ రాత్రి ఆమెకు ఒళ్లెరగని నిద్ర పట్టింది.

గుండె దడ తగ్గడం లేదని డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన ఆమె ముఖంలోకి సరిగా చూడకుండానే, ఆందోళన జబ్బున్న వాళ్ల మీద విశ్వవిద్యాలయం వాళ్లేదో పరిశోధన చేస్తున్నారు, చేరమని పంపించాడు. అలా ఆమె ఆసుపత్రి నేలమాళిగలో ఆ పరిశోధన చేసే డాక్టరు హల్దిస్ ముందు కూర్చుంది. హల్దిస్‌కు యాభై దాటాయి. పొట్టి జుట్టు, మోచేతుల దగ్గర చిరిగిన స్వెటరు. మెదడు బొమ్మలు తీసే యంత్రం నడిపే ఓడ్వార్ ఆమె కంటే పెద్దవాడు, మాటకు ముందు దగ్గేవాడు.

"తలపిన్నులు, గడియారం, ఉంగరం, అన్నీ తీసెయ్యాలమ్మా," అన్నాడు ఓడ్వార్. "లోపలున్నది మామూలు అయస్కాంతం కాదు. ఇనుము కనపడిందా, లాగేసుకుంటుంది. పగలూ రాత్రీ అది నిద్రపోదు."

ఉంగరం రాలేదు. విరిగి అతుక్కున్న వేలు లావెక్కింది. అది బంగారమే, ఫరవాలేదన్నాడు.

ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, తలకు ప్లాస్టిక్ పంజరంలాంటిది బిగించి, చీలమండకు తీగ అంటించారు. కళ్ల ముందున్న అద్దంలో గుర్తులు వెలుగుతాయి. వృత్తం వెలిగితే కాలికి షాక్ తగులుతుంది. చతురస్రం వెలిగితే తగలదు. త్రికోణం వెలిగితే తగలొచ్చు, తగలకపోవచ్చు. ఆ వేచి ఉండే కాసేపట్లో మెదడులో ఏ భాగానికి నెత్తురు ఎక్కువగా పరుగెడుతుందో యంత్రం బొమ్మ తీస్తుంది. బల్లతో సహా ఆమెను నెట్టిన ఆ యంత్రపు సొరంగంలో సుత్తులతో బాదుతున్నట్టు చప్పుడు. వృత్తం వెలిగినప్పుడు ఇంగ్విల్ పళ్లు బిగించింది, షాక్ తగిలింది, పోయింది. త్రికోణం వెలిగినప్పుడు మాత్రం ఆమెకు ఇంటి మెట్లు వినిపించాయి.

మూడోసారి వచ్చినప్పుడు హల్దిస్ ఆమెకు కాఫీ పోసి ఎదురుగా కూర్చుంది.

"ఇది నేను అడక్కూడని మాట. షాక్ తగిలితే అందరూ ఎగిరిపడతారు, నువ్వు కదలవు. త్రికోణం వెలిగితే మాత్రం నీ మెదడు నిప్పంటుకున్న ఇల్లులా ఉంది. ఎందుకు తల్లీ?"

"దెబ్బ పడ్డాక ఇంకేముంది డాక్టర్? అయిపోయినట్టేగా."

ఆ మాట నోరు దాటాక గానీ ఏమన్నదో ఇంగ్విల్‌కు తెలియలేదు. హల్దిస్ కప్పు కింద పెట్టింది.

"ఇంట్లో ఎవరున్నారు?"

"నా మొగుడు."

"ఆడవాళ్లకు ఆశ్రయం ఇచ్చే ఇల్లొకటి ఉంది. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"వద్దు," అని ఇంగ్విల్ కోటు అందుకుంది. "ఈ వారం బాగానే ఉంటున్నాడు."

ఆ సాయంత్రమే తోర్గెయిర్ ఆమె చీలమండ మీద తీగ అంటించిన ఎర్రటి మచ్చ చూశాడు.

"ఇదేంటి?"

"ఆసుపత్రిలో పరీక్ష."

"ఏ ఆసుపత్రిలో కాళ్లు పట్టుకుని పరీక్ష చేస్తారే? ఎవడు వాడు?"

బెల్టు తీశాడు. అటకకు పోయే నిచ్చెనకు ఆమె మణికట్టు కట్టేసి వీపు మీద కొట్టాడు. నెత్తురు చొక్కాకు అంటుకుని ఎండిపోయే దాకా విప్పలేదు. పొద్దున కాఫీ కాచి ఇచ్చి, ఏడుస్తూ, "నన్ను ఇలా చేసేది నువ్వే," అన్నాడు.

ఆమె పనికి పోలేదు. తిన్నగా హల్దిస్ దగ్గరికి పోయింది. ఈసారి తనే చొక్కా ఎత్తి చూపించింది. హల్దిస్ పెదాలు తెల్లబడ్డాయి.

"ఇవాళ యంత్రం వద్దు. పోలీసులకు ఫోన్ చేస్తాను."

"చెయ్యండి. వాళ్లు వచ్చేదాకా లోపల పడుకుంటాను. ఆ గదికి బరువైన తలుపుంది కదా?"

హల్దిస్ ఆమెను లోపలికి తీసుకెళ్లి బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది. ఒంటి మీద ఇనుము లేదని చూసుకుంది, దుప్పటి కప్పింది. బల్లను సొరంగంలోకి నెట్టలేదు. ఫోన్ చేయడానికి బయటి గదిలోకి వెళ్లింది.

తోర్గెయిర్ ఇంటి నుంచి ఇంగ్విల్ వెనకే వచ్చాడని ఎవరికీ తెలియదు. యార్డు బట్టల్లోనే ఉన్నాడు. నడవాలో తలుపు తలుపూ తోసి చూస్తూ వచ్చాడు. ఓడ్వార్ అడ్డుపడితే ఒక్క గుద్దుకు కింద పడేశాడు. ముక్కు చితికింది.

"నా పెళ్లాన్ని ఎక్కడ దాచార్రా?"

కిటికీ అద్దంలోంచి బల్ల మీద పడుకున్న ఇంగ్విల్ కనిపించింది. యార్డులో తుప్పు రాల్చే సుత్తి జేబులోంచి తీశాడు.

"లోపలికి పోకు!" హల్దిస్ అరిచింది. "ఆ సుత్తి! ఆ సుత్తి పారెయ్!"

అతడు ఆమెను గోడకేసి తోసి తలుపు లాగాడు.

ఇంగ్విల్ తల తిప్పి చూసింది. గుమ్మంలో తోర్గెయిర్, ఎత్తిన చెయ్యి, చేతిలో సుత్తి. వింతేమిటంటే, అతణ్ణి చూడగానే గుండె దడ ఆగిపోయింది. ఇవాళ ఏం జరుగుతుందో తెలిసిపోయింది. ఆమె బల్ల అవతలి వైపుకు దొర్లి కింద పడింది.

రెండడుగులు వేశాడు. మూడో అడుగులో సుత్తి అతని మాట వినలేదు. పట్టు విడిచి ఉంటే అది ఒక్కటే పోయేది. అతను విడవలేదు. సుత్తి అతని చేతిని, చేతితో పాటు మనిషిని ఈడ్చుకుపోయి సొరంగం అంచుకు ధనాలున అతుక్కుంది. వేళ్లు పిడికీ యంత్రానికీ మధ్య నలిగాయి. ముందు ఇనుము బిగించిన యార్డు బూట్లు కూడా అటే లాగుతుంటే మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆ గొంతులోంచి అలాంటి అరుపు ఇంగ్విల్ ఎన్నడూ వినలేదు.

"తియ్యి! ఇంగ్విల్, తియ్యవే!"

ఆమె లేచి నిలబడింది. కొట్టే చెయ్యి కదలకుండా ఉండటం పెళ్లయ్యాక ఇదే మొదలు. తలకు బిగించే ప్లాస్టిక్ పంజరం బల్ల చివర ఉంది. రెండు చేతులా ఎత్తి అతని ముఖం మీద కొట్టింది. పెదవి చీలింది. మళ్లీ కొట్టింది. దవడ దగ్గర ఏదో పటుక్కుమంది. "నన్ను ఇలా చేసింది నువ్వే," అంటూ మళ్లీ ఎత్తింది. హల్దిస్ వెనక నుంచి నడుము పట్టుకుని లాగింది.

"చాలు తల్లీ. చాలు. చచ్చిపోతాడు."

"పోనీ!"

"పోతే జైల్లో ఉండేది నువ్వు."

ఇంగ్విల్ పంజరం వదిలేసింది. హల్దిస్ గోడ మీద, అయస్కాంతాన్ని ఆపేసే ఎర్ర మీట నొక్కింది. పైనున్న గొట్టంలోంచి చల్లటి వాయువు రొద పెడుతూ బయటికి పోయింది. యంత్రం మెల్లగా చచ్చింది. తోర్గెయిర్ చెయ్యి నేలకు జారింది. వేళ్లు వేళ్లలా లేవు.

అతని కుడిచేతికి మూడు వేళ్లు తీసేశారు. కోర్టు జైలుశిక్ష వేసింది. పంజరంతో కొట్టిన మాట ఇంగ్విల్ దాచలేదు. "ఎన్నిసార్లు కొట్టారో గుర్తుందా?" అని లాయరు అడిగితే, "వాడికి గుర్తుందేమో అడగండి," అంది. ఆమె మీద కేసు నిలవలేదు. ఓడ్వార్ ముక్కు కాస్త పక్కకు అతుక్కుంది. ఆమె కనిపించినప్పుడల్లా "అందం పెరిగింది కదూ?" అనేవాడు.

ఆమె మెట్లు లేని వీధిలో అద్దె ఇల్లు తీసుకుంది. భయం మాత్రం ఆమెతోనే వచ్చింది. తలుపు దగ్గర పొరుగువాళ్ల గొడుగు పడినా అరచేతులు చల్లబడేవి.

ఒకరోజు పోలీసులు ఫోన్ చేసి అతను విడుదలయ్యే తేదీ చెప్పారు. ఆ తర్వాత ఆమెకు తిండి సహించలేదు. ఎప్పుడొస్తాడు, ఏ మలుపులో నిలబడతాడు? చేపలు కోస్తూ వేలు కోసుకుంది. చివరికి హల్దిస్‌కు ఫోన్ చేసింది.

"ఆ రోజు పొద్దున నేను జైలు గేటు దగ్గరికి పోతున్నాను. తోడొస్తారా?"

"పిచ్చా నీకు? ఎందుకు?"

"వాడు ఎప్పుడు కనిపిస్తాడో నేను చెప్పాలి. వాడు కాదు."

"కారు తెస్తాను," అంది హల్దిస్.

వాన తుంపర పడుతోంది. గేటు తెరుచుకుంది. తోర్గెయిర్ ఎడమచేత్తో సంచి పట్టుకుని వచ్చాడు. రోడ్డవతల నిలబడ్డ ఆమెను చూసి ఆగిపోయాడు. ఇంగ్విల్ చూపు తిప్పుకోలేదు. అతనే ముందు తల దించుకుని, ఊరికి వ్యతిరేక దిశలో పోయే బస్సు ఎక్కాడు.

బస్సు మలుపు తిరిగాక ఆమె కారు పక్కన వంగి వాంతి చేసుకుంది. హల్దిస్ నీళ్ల సీసా అందించింది.

"భయం తగ్గిందా?"

"లేదు," అంది ఇంగ్విల్ మూతి తుడుచుకుంటూ. "ఆకలేస్తోంది."