ఉత్త సాంచెలు

సిరిసిల్లలో సాంచెల చప్పుడు ఆగిన ఇంటిని జనం చూసే చూపు వేరు; ఆ ఇల్లు అప్పుల్లో మునిగిందనుకుంటారు. ఆ చూపుకు భయపడే నర్సింగం నూలు లేకపోయినా తన సాంచెలను, ఆ మరమగ్గాలను, తిప్పాడు.

జగిత్యాల కాలేజీలో పనిచేసే సంధ్య వచ్చి, వాడకట్టు మొత్తానికీ నమూనాగా అతని షెడ్డుకే కరెంటు వాడకం చూసే డబ్బా బిగించింది. బొగ్గు కరెంటు తగ్గి ఎండ కరెంటు పెరిగే రోజుల్లో ఏ వాడ మగ్గాలు నిలుస్తాయో, ఏవి మూతపడతాయో కంప్యూటరులో ముందే అంచనా కట్టాలట.

"ఎప్పటి తీరుగనే నడుపుండ్రి కాకా" అని చెప్పి పోయింది.

ఎప్పటి తీరంటే, ఆర్డరు లేక ఊరకే కూర్చోవడం. ఆ మాట చెప్పడానికి అతనికి నోరు రాలేదు. డబ్బా ఉన్నన్ని రోజులూ పోగు లేని సాంచెలు పొద్దుగూకేదాకా ఖాళీగా కొట్టుకున్నాయి. భార్య తిరుమల ఇదేందని అడిగితే, తుప్పు పట్టకుండా అన్నాడు.

డబ్బా విప్పుకెళ్లిన కొన్నాళ్లకు నేతన్నల సంఘం భవనంలో సంధ్య తెర మీద రంగురంగుల గీతలు చూపించింది.

"రేటు పెరిగినా, కరెంటు పగటిపూటనే ఎక్కువ దొరికినా ఈ వాడకు భయం లేదు. పని మస్తున్నది. గందుకే సోలార్ పలకలు ముందుగాల పక్క వాడకు ఇయ్యాలని రాస్తున్నం."

"నర్సింగం బావా, నీ సాంచెలు మన మనుమల పెండ్లిళ్ల దాక ఆగయట" అన్నాడు అదే వాడలో ఉండే భూమన్న. "గంత నూలు ఏడ దొరుకుతున్నదో మాకు సుత చెప్పరాదు."

అందరూ నవ్వారు. పోచవ్వ నవ్వలేదు. అదే వాడలో ఉంటూ నర్సింగానికి నూలు కండెలు చుట్టేది ఆమే. చాలా రోజులుగా ఆమె చేతికి ఒక్క కండె రాలేదు. ఆమెకు సంగతి తెలుసు. అయినా అతని పరువు కోసం తల వంచుకుని చీర కొంగు మడతపెడుతూ కూర్చుంది. ఆ మౌనం భూమన్న ఎకసెక్కం కంటే లోతుగా దిగింది. ఇప్పుడు లేవకపోతే తన కప్పుతోపాటు ఆమె ఇంటి కప్పూ సోలార్ పలకలు లేక ఖాళీగానే ఉండిపోతుంది.

లేచాడు.

"మేడం, గా గీతలు తప్పు. నేను ఉత్తగ తిప్పిన."

"ఎందుకు కాకా?"

"ఇంట్ల చప్పుడు లేదంటె..." అని ఆగిపోయాడు. మిగతాది అక్కడున్న అందరికీ తెలిసిందే. భూమన్న తల తిప్పుకున్నాడు.

సంధ్య తెర ఆపేసింది. "గట్లయితె మళ్ల కొలువాలె. ఈసారి..."

"ఈసారి నూలు లేంది సాంచెలు ముట్ట."

మర్నాడు డబ్బా మళ్లీ బిగించారు. షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. లోపల చడీచప్పుడు లేదు. నర్సింగం వీధిలో అందరికీ కనిపించేలా గడప మీద కూర్చున్నాడు.

సైకిలు మీద పోతున్న వెంకటేశం కాలు కింద పెట్టి ఆగాడు. "ఏందే, బందు వెట్టినవా?"

నర్సింగం తల ఎత్తలేదు.

"నూలు లేదు" అన్నాడు.