మేనత్త చెప్పాల్సిన పేరు

గౌరీశ్వరికి ఈ కాలం పిల్లల పేర్లు వింటే ఒళ్లు మండుతుంది. కాశీబుగ్గలో వాళ్ల వీధి మొదట్లో నిలబడి "రాకీ" అని ఒక్క కేక వేస్తే చాలు, ఎల్‌కేజీ చదివే ఇద్దరు కుర్రాళ్లూ, రిటైర్డు గార్డుగారి బొచ్చుకుక్కా కలిసి పరిగెత్తుకొస్తారు. ఎదురింటి వసంత కొడుకు పేరు లియో. ఆ లియోకి విరేచనాలు పట్టుకుంటే వసంత మందుల షాపుకి ఫోన్ చేసిందనీ, పేరు వినగానే షాపువాడు "పశువుల మందులు మా దగ్గర ఉండవమ్మా" అన్నాడనీ గౌరీశ్వరి వీధంతా చెప్పింది. అందులో నిజమెంతో దేవుడికే తెలియాలి. ఆమె చెప్పిన ప్రతిసారీ షాపువాడి జవాబు కాస్త పొడవయ్యేది.

"పంతులు నచ్చత్రం సూసి అచ్చరం సెప్తాడు. ఈల్లు ఆ అచ్చరం అట్టుకెల్లి ఫోన్లో ఏత్తారు. ఫోను ఏది కక్కితే అదే పిల్లోడి పేరు. ఆ ఫోనే కుక్కలకీ సెప్తాది, పిల్లలకీ సెప్తాది. దానికి తేడా ఏటి తెలుసు?" అనేది భర్త సీతారాంతో. సీతారాంకి ఇంటి వెనకే జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉంది. పెళ్లాం ఉపన్యాసం మొదలుపెట్టగానే ఆయనకి బట్టీలో పని గుర్తొచ్చేది.

ఇంత మాట అనే మనిషి ఇంట్లో కుక్క లేదా అంటే, ఉంది. గోధుమరంగు నాటుకుక్క, నుదుటి మీద తెల్లమచ్చ. కూతురు ఇందు ఆ మచ్చ చూసి, ఫోన్లో వెతికి మరీ దానికి లూనా అని పేరు పెట్టింది. కుక్కకి ఏ పేరైతేనేం అని గౌరీశ్వరి ఊరుకుంది.

ఊరందరినీ ఆడిపోసుకున్న గౌరీశ్వరికి ఒకరోజు సొంత తమ్ముడి దగ్గర్నించే ఫోన్ వచ్చింది. తమ్ముడు కామేష్‌ది విశాఖపట్నంలో ఉద్యోగం. వాడి పెళ్లాం హరిప్రియ పుట్టింట్లో, టెక్కలిలో, ఆడపిల్లని కంది. చిన్నప్పుడు వాడు ఆమెని ఈ ప్రాంతం వాడుకలో "అప్పా" అని పిలిచేవాడు. ఉద్యోగం వచ్చాక అది "అక్కా" అయింది. పోనీలే, పిలుస్తున్నాడు కదా అని ఆమె సర్దుకుంది.

"అక్కా, ఆదివారం పాప బారసాల. టెక్కలిలో ఫంక్షన్ హాల్లో చేస్తున్నాం. మేనత్తవి నువ్వే కదా, చెవిలో పేరు నువ్వే చెప్పాలి."

"నాను కాక ఇంకెవలు సెప్తారు? ఏటి పేరు?"

"భరణి నక్షత్రం, లూ అక్షరం వచ్చింది. లూనా అని పెడుతున్నాం. ఏదో ఫారిన్ భాషలో చందమామ అని అర్థమట."

ఫోన్ స్పీకర్లో ఉంది. గౌరీశ్వరి కాళ్ల దగ్గర పడుకున్న కుక్క తన పేరు వినబడేసరికి తల ఎత్తి చూసి, తోక ఆడించింది.

"ఒరే, ఆ పేరు కుక్కదిరా."

"ఎవరి కుక్కది?"

"మా కుక్కదే."

కామేష్ అడిగాడు, "మీ ఇంట్లో కుక్కుందా?"

పక్కనే టీ తాగుతున్న సీతారాంకి నవ్వాగలేదు. "మా నాన్న నౌపడ ఉప్పు కొఠార్లకి ఎల్లిన మోపెడ్ బండి కూడా లూనాయే. దాన్ని కూడా పిల్సుకుందాం బారసాలకి" అన్నాడు. గౌరీశ్వరికి మాత్రం నవ్వు రాలేదు. ఆమెకి పేరు గురించిన కోపం అప్పటికే పక్కకి పోయింది. ఆ కుక్క ఈ ఇంటికొచ్చి నాలుగేళ్లు. పాలవాడికి తెలుసు, బట్టీలో పిక్కలు కొట్టే ఆడవాళ్లందరికీ తెలుసు. తోడబుట్టినవాడికి తెలీదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. పెళ్లైన కొత్తలో, ఆ కుక్క రాకముందు, కామేష్ హరిప్రియని ఒకే ఒక్కసారి ఈ ఇంటికి తీసుకొచ్చాడు. ఆ రోజు బట్టీ వెలుగుతోంది. హరిప్రియ చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఈ స్మెల్ నాకు అస్సలు పడదండీ, తలనొప్పి వచ్చేస్తుంది" అంది. భోజనం కూడా సగంలో వదిలేసి లేచింది. ఆ తరవాత ఇద్దరూ ఈ గడప తొక్కలేదు. అత్తారింటికి నెలకోసారి టెక్కలి దాకా వచ్చేవాడు, అక్కడికి గంట దూరం కూడా లేని అక్క ఇంటికి రాలేకపోయాడు. హరిప్రియ తండ్రికి ఉద్దానంలో ఉన్నవి జీడితోటలే. తోటలో ఉన్నప్పుడు రాని కంపు బట్టీలో పడగానే వచ్చిందన్నమాట. జీడిపప్పు మాత్రం గుప్పిళ్లతో తింటారు.

మర్నాడు ఆ తండ్రే ఫోన్ చేశాడు. అప్పలనరసింహం ఒకప్పుడు సంతబొమ్మాళి దగ్గర సర్పంచ్‌గా చేశాడు. కంటికి శుక్లాలు తీయించుకుని ఇంటికొచ్చిన రోజున కూడా వీధిలో ఫ్లెక్సీ కట్టించుకున్నాడని చెప్పుకుంటారు.

"ఏటమ్మా గౌరీ, పేరు మార్సమన్నావట. ఫ్లెక్సీలు కొట్టించీసినాం. హాలు గేటుకొకటి, మెయిన్ రోడ్డు మీద రెండు. ఇంకెలా మారుత్తాది? కుక్కకేటమ్మా, ఏ పేరెట్టినా తోకాడిత్తాది. మీరే దాని పేరు మార్సీండి."

మనవరాలి పేరుకన్నా ఫ్లెక్సీ ముఖ్యమైన మనిషికి ఏం చెబుతాం? గౌరీశ్వరి "అలాగేనండి" అని పెట్టేసి, తమ్ముడికి ఫోన్ చేసింది.

"కుక్క పేరు మారుత్తాను కామేషూ. కానీ నువ్వూ నీ పెల్లామూ వొచ్చి, మా ఇంట్లో నా నుదుటిన బొట్టెట్టి పిలండి. మేనత్తని బారసాలకి ఫోన్లో పిలిసినోల్లు ఎక్కడైనా ఉన్నారా? పచ్చి బాలింతరాలు రాలేదంటావా, నువ్వొక్కడివీ రా. ఆ పూటే కుక్క పేరు మార్సీత్తాను."

"చూస్తానక్కా. ఇక్కడ పనులు బోలెడున్నాయి."

ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవడమంటే మాటలా? నువ్వు మా మనిషివి, నువ్వు లేనిదే ఈ పని జరగదు అని చెప్పడం. ముక్కూ మొహం తెలియని ఆఫీసర్ల ఇళ్లకి కూడా కుంకం భరిణె పట్టుకుని తిరుగుతారు. అక్క ఇంటికి రావడానికి ఎన్ని పనులు అడ్డొస్తాయో చూద్దామనుకుంది గౌరీశ్వరి. అనుకుందే గానీ, ఆ మర్నాడు ఇల్లు కడిగించింది. బట్టీ ఆపించింది. సీతారాం గొణిగితే, "ఒక్క రోజు పొగ రాకపోతే మనకేటి పోతాది?" అంది. తమ్ముడికిష్టమని పనసపొట్టు కూర వండింది.

సాయంత్రం గేటు దగ్గర కారాగింది. దిగింది అప్పలనరసింహం డ్రైవరు. చేతిలో ఒక మిఠాయి డబ్బా, ఒక శుభలేఖ, ఒక చిన్న కాగితం పొట్లం.

"ఇదేటి బాబూ?" అని పొట్లం చూపించి అడిగింది.

"కుంకం అమ్మా. కామేష్ బాబుగారు పంపినారు. మీరే ఎట్టుకోమన్నారు."

గౌరీశ్వరి ఆ పొట్లం పట్టుకుని చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇలాంటివి ఎవరింట్లోనైనా జరిగుంటే వారం రోజులు వీధంతా తిరిగి చెప్పేది. ఇది చెప్పుకునేది కాదు. ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని, పనసపొట్టు కూర కూతురు ఇందు కంచంలో వడ్డించింది.

"పోనీ మానీ. ఎల్లకు" అన్నాడు సీతారాం.

"మానేత్తే ఇంక నాకు పుట్టిల్లు లేదండి. ఆడు తప్పు సేసినాడని నాను తెంపుకుంటే, రేపు ఆ పిల్ల నన్ను మేనత్తని ఎలాగనుకుంటాది?" అంది. పొట్లం విప్పి, అద్దం ముందు నిలబడి బొట్టు తనే పెట్టుకుంది. కుక్క పేరు మాత్రం మార్చలేదు.

ఆదివారం టెక్కలి ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద బూరెల్లాంటి అక్షరాలతో లూనా అని ఉంది. అక్షరాల పైన అప్పలనరసింహం దండం పెడుతూ నిలువెత్తున ఉన్నాడు. పిల్ల ఫొటో ఆయన మోచేతి దగ్గర ఇరుక్కుంది. ఎవరు పుట్టారో తెలియని వాళ్లు ఆయనే మళ్లీ పుట్టాడనుకుంటారు. కాశీబుగ్గ జీడి వ్యాపారులు కూడా చాలామందే వచ్చారు. గౌరీశ్వరికి నాలుగో వరసలో కుర్చీ దొరికింది.

కామేష్ బియ్యం పళ్లెంలో ఉంగరంతో పేరు రాశాడు. పంతులు "మేనత్త రావాలమ్మా" అన్నాక గానీ ఆ ఇంటివాళ్లకి ఆమె గుర్తు రాలేదు. గౌరీశ్వరి లేచి ఉయ్యాల దగ్గరికి వెళ్లింది. వీడియో తీసేవాడు మాట బాగా వినబడాలని మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాడు. అప్పలనరసింహం పక్కకి ఒంగి, గుసగుసగా అడిగాననుకుని అడిగాడు.

"ఆ కుక్క పేరు మార్సీసినారా అమ్మా?"

మైకు ఆ గుసగుసని హాలు చివరిదాకా మోసుకెళ్లింది. కాశీబుగ్గ వాళ్లు కూర్చున్న వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కవాళ్లు ఎందుకని అడిగారు, వీళ్లు చెప్పారు. నవ్వు వరస వెంట వరస పాకింది. హరిప్రియ మొహం కందగడ్డలా అయింది.

గౌరీశ్వరి ఎవరి వంకా చూడలేదు. ఉయ్యాలలో పిల్ల పిడికిలి బిగించి నిద్రపోతోంది. ఈ పసిగుడ్డుకి పేరేం తెలుసు, కుక్కేం తెలుసు, తాతగారి ఫ్లెక్సీ ఏం తెలుసు అనుకుంటే ఆమెకి కడుపులోంచి జాలి పుట్టుకొచ్చింది. మైకుని చేత్తో పక్కకి తోసి, పిల్ల చెవి దగ్గరకి ఒంగి, ఆ పేరే ముమ్మారు చెప్పింది, మెల్లగా, ముద్దుగా.

భోజనాల దగ్గర కామేష్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. మొహం మాడిపోయి ఉంది.

"ఇంతమందిలో పరువు తీశావక్కా. ఒక కుక్క పేరు మార్చడానికి ఏమైంది?"

"పరువు తీసింది మీ మావ. నాను సెప్పిందేటి? ఇంటికొచ్చి బొట్టెట్టమన్నాను. పొట్లం పంపినావు."

కామేష్ చుట్టూ చూశాడు. నవ్వులు ఇంకా పూర్తిగా ఆగలేదు. గొంతు తగ్గించాడు.

"సరే, తప్పైంది. రేపు పొద్దున్నే వస్తాను. బొట్టు పెడతాను. రేపే ఆ పేరు మార్చెయ్, సరేనా?"

గౌరీశ్వరి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. రాక రాక తమ్ముడు వస్తానన్నాడు. ఆ మాట కోసమే ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసింది. కానీ వాడు వస్తానన్నది అక్క కోసం కాదు, ఆ పేరు కోసం. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని దాచుకునే ప్రయత్నం చెయ్యలేదు.

"రా నాయనా. కానీ గేటు తీసుకుని తిన్నగా లోపలికి రావొద్దు. బయటే నిలబడి ఫోన్ సెయ్యి, వొచ్చి దాన్ని కట్టేత్తాను."

"ఎందుకు? కరుస్తుందా?"

"ఎరిగినోల్లని ఏటీ అనదు. పాలోడిని అనదు, కరెంటు బిల్లు కొట్టినోడిని అనదు. నిన్నెప్పుడూ సూడలేదు గదా, అందుకు."

వడ్డించేవాడు పులిహోర గిన్నెతో వచ్చి, తప్పుకోమని కామేష్ భుజం తట్టాడు.