వేళ్లకు తెలియని వేడి

బానెట్ మీద మూడోసారి స్పిరిట్ గుడ్డ తిప్పి, ఆరేదాకా ఆగి, సంపత్ నడుము వంచి కుడి చెంపను ఆ తెల్లటి రేకుకు ఆనించాడు. చల్లగా ఉంది. చెంపను అలాగే మెల్లగా ముందుకు జరిపాడు. లైటు గూడు దగ్గర ఆవగింజలో సగం కూడా లేని ఇసుక రేణువు తగిలింది. గోటితో దాన్ని లేపి, మళ్లీ గుడ్డ తిప్పి, మళ్లీ చెంప పెట్టాడు.

"ఏంది సంపతన్నా, పొద్దుపొద్దున బండికి ముద్దు పెడుతున్నవ్? వదినెకు ఫోన్ చెయ్యాల్నా?" బల్ల దగ్గర ఛాయ్ తాగుతూ అరుణ్‌కుమార్ అన్నాడు. దుకాణం అతనిది. సంపత్ కన్నా పదేళ్లు చిన్న.

"చెయ్యి. ఇరవై ఐదేండ్ల సంది ఆమెకు పెడితే తిట్లే వచ్చినయ్. ఇది తిడతలేదు గద."

అరుణ్‌కుమార్ నవ్వాడు. సంపత్ కూడా నవ్వాడు. నవ్వించిన మనిషిని ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఆ కిటుకు ఈ నాలుగు నెలల్లో నేర్చుకున్నాడు.

నిజానికి ఇసుక వెతకడం వేళ్ల పని. బండికి రంగు మార్చడానికి అతికించే ఫిలిం కింద ఒక్క రేణువు మిగిలినా రెండు ఎండలు పడేసరికి అక్కడ పొక్కు లేస్తుంది. కస్టమరు దాన్నే చూస్తాడు. మిగతా బండంతా అద్దంలా ఉన్నా చూడడు. ఇన్నేళ్లూ సంపత్ కళ్లు మూసుకుని వేళ్ల కొసలతో బండంతా తడిమి, ఎక్కడేముందో చెప్పేవాడు. ఉగాదికి కాస్త ముందు ఆ కొసలు మొద్దుబారాయి. మొదట చీమలు పాకినట్టుండేది. తర్వాత చీమలు కూడా వెళ్లిపోయాయి. షుగర్ అన్నారు. అప్పటి నుంచీ ఆ పని చెంపకు అప్పగించాడు. వారానికోసారి గడ్డం గీసుకునే మనిషి రోజూ గీసుకోవడం మొదలుపెట్టాడు. వెంట్రుకలుంటే చెంపకు ఇసుక తెలియదు.

"ఏడున్నయ్ నీకు పెండ్లిచూపులు?" అని ఎకసెక్కమాడింది భార్య కొమురవ్వ. తర్వాత ఒకరోజు పొద్దున అతను పొగలు కక్కే నీళ్లు కాళ్ల మీద పోసుకున్నాడు. సాయంత్రం పాదాల మీద బొబ్బలు ఆమే చూసింది. ఇక ఎకసెక్కం మానేసింది. ఇప్పుడు బకెట్లో తనే చెయ్యి పెట్టి చూసి, "పోసుకో" అంటుంది. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టి కాయలు కాసిన ఆ వేళ్లకు తెలిసిన వేడి తన వేళ్లకు తెలియడం లేదని సంపత్‌కు ప్రతిరోజూ బకెట్ ముందు గుర్తొస్తుంది.

అతని తండ్రి అంతయ్య జమ్మికుంట మార్కెట్ యార్డులో దడువాయి. తూకం వేయడమే ఆయన పని. కానీ బేరం తెగనప్పుడు వ్యాపారులూ రైతులూ ఇద్దరూ ఆయన్నే పిలిచేవాళ్లు. చిటికెడు పత్తి తీసుకుని, రెండు బొటనవేళ్ల మధ్య లాగి, పోగు ఎంత పొడుగో, తడి ఎంతుందో చెప్పేవాడు. ఆయన మాట మీద పత్తి బోరాలు లేచేవి. సంపత్‌కు ఆ వేళ్లే వచ్చాయన్నారు అందరూ. మొదట ఊళ్లో బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు డబ్బాల్లోనే ఎండిపోయాయి. షార్జా పోయి స్టిక్కర్ల దుకాణంలో కూలికి చేరాడు. బండ్ల రంగు మార్చే ఫిలిం అక్కడే నేర్చుకున్నాడు. నేర్పినవాడు మలయాళీ ఉస్తాద్. ఫిలిం వేడెక్కితే సాగుతుంది, చల్లారితే పాత కొలతకు పోదామని చూస్తుంది, చివర్లో బాగా కాచి దాని పాత కొలత మరిపించాలి అని చెప్పాడు. ఎంత వేడి అని అడిగితే సంపత్ వేలు పట్టుకుని ఫిలిం మీద పెట్టాడు. ఆ ఒక్క వేడి కోసం ఏడేళ్లు అక్కడున్నాడు.

ఈ రోజు బండి వంశీధర్‌రావుది. గ్రానైట్ వ్యాపారం, ఊళ్లో ముప్పై ఎకరాలు. తెల్ల బండికి ఇంగ్లిషు పేరున్న రంగేదో కావాలన్నాడు. సంపత్ దాన్ని తడి సిమెంటు రంగు అంటాడు. మూడు రోజులుగా డోర్లు, వెనక భాగం అయిపోయాయి. బానెట్, రెండు సైడు అద్దాలు మిగిలాయి. సాయంత్రం ఐదుకు బండి పోవాలి.

బానెట్‌కు ఇద్దరూ కావాలి. చెరో పక్కా రెండు మూలలు పట్టుకుని ఫిలింను గాలిలో దుప్పటిలా పరిచారు.

"లాగు. జర ఇడువు. ఆఁ, గంతే," అన్నాడు సంపత్.

లాగుడు వేళ్లకు తెలియకపోయినా మోచేతులకు తెలుస్తుంది. ఫిలిం కూర్చున్నాక, అంచుకు మెత్తటి గుడ్డ అతికించిన చిన్న పలక తీసుకుని నడిమి నుంచి పక్కలకు గీకుతూ పోయాడు. ఒక గీకు సగం మీద ఇంకో గీకు. కింద చిక్కిన గాలి పలక ముందు పరుగెత్తి అంచు దగ్గర బయటపడింది. తెలుపు అడుగుకు పోయింది. అరుణ్‌కుమార్ టార్చి ఏటవాలుగా వేసి చూసి, "ఒక్కటి లేదన్నా," అన్నాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె తింటుంటే కొమురవ్వ ఫోన్ చేసింది.

"తిన్నవా?"

"తింటున్న."

"అరుణ్‌కు చెప్పినవా?"

"ఇయ్యాల బండి పోనీ. రేపు చెప్త."

"నిన్న గూడ గిదే అన్నవ్. ఆయన చూసినంక చెప్పుడు కాదు, ముందుగాల నువ్వే చెప్పాలె."

"చెప్తె పని ఉంటదా?"

"చెప్పులు చూసుకుంట నడువు," అని పెట్టేసింది.

ఆ మాట డాక్టరు నేర్పినదే. పెద్దాసుపత్రిలో ఆయన ప్లాస్టిక్ పోగుతో అరికాలు మీద పొడిచి, "తెలుస్తోందా?" అన్నాడు. తర్వాత, "నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియకుండా ఉంటోందా?" అన్నాడు. లేదన్నాడు సంపత్. అంతకు రెండు రోజుల ముందే బస్టాండు దగ్గర చెప్పు ఊడిపోతే, జామకాయలమ్మే ముసలమ్మ కేకేసి పిలిచి ఇచ్చింది. చచ్చిన నరం మళ్లీ రాదు, మిగిలినవాటిని కాపాడుకోమన్నాడు డాక్టరు. కొమురవ్వ పక్కనే ఉంది. అబద్ధం ఆమెకు తెలుసు. డాక్టరు ముందు బయటపెట్టలేదు.

మూడింటికి ఎడమ అద్దం మొదలుపెట్టాడు. సైడు అద్దం డొప్ప చిన్నదే కానీ బండిలో దానంత మొండిది లేదు. అన్ని వైపులా వంపులే. ఫిలింను దాని మీద టోపీలా తొడిగి, ఎడమ చేత్తో కిందికి లాగుతూ, కుడి చేత్తో వేడి గాలి చిమ్మే హీట్ గన్ ఆడించాలి. చేతులు రెండూ చిక్కుకుంటాయి, చెంప పెట్టే సందు ఉండదు. సంపత్ కళ్లను నమ్ముకున్నాడు. వేడి చాలినప్పుడు ముడతలు వాటంతటవే విప్పుకుంటాయి. విప్పుకున్నాయి. ఫిలిం డొప్ప చుట్టూ చర్మంలా కూర్చుంటోంది. షార్జాలో కూడా ఇంత బాగా చేయలేదనిపించింది. ఆ సంతోషంలో ఇంకాసేపు లాగి పట్టుకున్నాడు.

కోడిని మంట మీద కాల్చేటప్పటి వాసన వచ్చింది.

"ఫిలిమ్ మాడుతున్నట్టుందే," అన్నాడు అరుణ్‌కుమార్.

సంపత్ గన్ ఆపి ఫిలిం చూశాడు. నున్నగా ఉంది. వంగి కింది అంచు చూశాడు. అక్కడా ఏమీ లేదు. వాసన ఎక్కడిదా అని అటూ ఇటూ చూస్తున్నాడు.

"అన్నా, నీ చెయ్యి."

ఎడమ చేతి చూపుడువేలు, నడిమివేలు కొసలు తెల్లగా ఉబ్బాయి. ఒకచోట చర్మం ఊడి వేలాడుతోంది. సంపత్ వాటిని ఎవరివో అన్నట్టు చూశాడు.

"నొస్తలేదా?"

నొప్పి పుట్టినట్టు ముఖం పెడదామనుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

అరుణ్‌కుమార్ అతని మణికట్టు పట్టుకుని నల్లా దగ్గరికి తీసుకుపోయి, నీళ్ల కింద పెట్టాడు. చాలాసేపు వదలలేదు.

"ఎప్పటి సంది?"

"ఉగాది ముందటి సంది."

"గందుకేనా చెంప?"

"గందుకే."

నీళ్లు పారుతున్నాయి. అరుణ్‌కుమార్ నవ్వబోయి మానుకున్నాడు.

"నాలుగు నెలల్ల నా చేతి మీంచి పోయిన బండి ఒక్కటన్న తిరిగొచ్చిందా?" అన్నాడు సంపత్.

"రాలే."

"మరి?"

"బండ్లకేం కాలే అన్నా. ఇయ్యాల వేళ్లు కాలినయ్. రేపు బ్లేడుతోని వేలు తెగుతది, నీకు తెల్వనే తెల్వది. నా దుకాణంల నీకేమన్నయితే వదినెకు నేనేం మొఖం చూపియ్యాలె?" గుడ్డతో అతని చెయ్యి తుడిచాడు. "దవాఖానకు పో. తగ్గినంక రా. నీ జాగ నీకే ఉంటది."

డాక్టరు అన్న మాట సంపత్ నోటిదాకా వచ్చింది. అది చెప్తే ఆ 'తగ్గినంక' కూడా ఉండదు.

"సరే," అన్నాడు.

కుడి అద్దం మిగిలింది. వేళ్లకు గుడ్డ చుట్టుకుని సంపత్ స్టూలు మీద కూర్చున్నాడు. అరుణ్‌కుమార్ గన్ అందుకున్నాడు. మొదటిసారి ముడత పడింది. రెండోసారి ఫిలిం చిరిగింది.

"గంత గుంజకు. మొత్తం ఇడిచి, మళ్ల వేడి పెట్టు," అన్నాడు సంపత్. "ఇంక జర. ఇప్పుడు మెల్లగ లాగు. కిందికి కాదు, నీ దిక్కు."

మూడోసారి సగం కూర్చుంది. నాలుగోసారి పూర్తిగా వచ్చింది. 'నువ్వు రోజు వచ్చి కూసో అన్నా, నోటితోని చెప్పు, నేను చేస్త' అంటాడేమోనని సంపత్ ఎదురుచూశాడు. అరుణ్‌కుమార్ చెమట తుడుచుకుని అద్దాన్ని అటు నుంచి ఇటు నుంచి చూసుకున్నాడు.

"వచ్చిందే!" అన్నాడు, తనలో తాను.

ఐదింటికి వంశీధర్‌రావు వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ అద్దం దగ్గర ఆగి, అరచేత్తో నిమిరాడు.

"గీ అద్దం ఎవలు చేసిండ్రు? అతుకు దొరుకుతలేదు."

"మా సంపతన్న చేసిండు."

"కింద తెలుపు అట్లనే ఉంటదా?"

"అట్లనే ఉంటది సార్," అన్నాడు సంపత్. "ఐదారేండ్లకు పీకేసినా, కొన్ననాడు ఎట్లుందో గట్లనే ఉంటది."

"మా బాపు బండి గూడ పంపిస్త. ఈయనతోనే చేయించు అరుణ్."

"అట్లనే సార్," అన్నాడు అరుణ్‌కుమార్, బిల్లు పుస్తకం మీంచి తల ఎత్తకుండా.

వంశీధర్‌రావు చెయ్యి చాపాడు. సంపత్ ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని కుడి చెయ్యి ఇచ్చాడు. ఆయన గట్టిగానే నొక్కాడు. కదిలిన వేళ్ల కణుపులను బట్టి అది తెలిసింది.

సంపత్ పలకను కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టాడు. టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. గోడ పక్కన విడిచిన చెప్పుల్లోకి కాళ్లు దూర్చి, కిందికి చూసి, రెండూ ఉన్నాయని నమ్మకం కుదుర్చుకున్నాడు. "పోయొస్త," అన్నాడు. "భద్రం అన్నా," అన్నాడు అరుణ్‌కుమార్. బయట ముసురు పట్టింది. బండి వెనక్కి వస్తూ హారన్ కొట్టింది. సంపత్ పక్కకు జరిగి, నేల మీది షట్టరు పట్టా దాటి, ఇంటికి పోయే జమ్మికుంట బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు. బస్టాండుకు పోయే ఆటో ఒకటి ఆగింది. వెనకనుంచి ఎవరూ కేకేయలేదు. ఎక్కాడు.

షట్టరు పట్టాకు మడమ భాగం తట్టుకుని, అతని ఎడమ చెప్పు అక్కడే ఊడిపడి ఉంది. ఒక పక్కకు అరిగి, అడుగున తడి సిమెంటు రంగు ఫిలిం పేలిక అంటుకుని, లోపల ఐదు వేళ్ల గుంటలు నల్లగా పడి. వాటిలో బొటనవేలి గుంటలోకి ముందుగా వాన నీళ్లు చేరుతున్నాయి.