భూతాపం గడిలో మెట్లు

ఎన్నికలొస్తే అనకాపల్లిలో పార్టీలవాళ్ళు తట్టని తలుపుండదు. ఆ తలుపులు తట్టేముందు వాళ్ళంతా అప్పారావు ప్రింటింగ్ ప్రెస్సుకే వస్తారు. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల పేరు మణి. బెల్లం మార్కెట్ వెనకసందులో ఆ ప్రెస్సులో చేరి ఆమెకు నాలుగేళ్ళు.

రెండువేల తొమ్మిది మార్చిలో ఒక ఉదయం గొడుగు పార్టీ ఈశ్వరరావు ఒక కరపత్రం రాతప్రతి తెచ్చాడు. రోడ్లు, పింఛన్లు, గ్యాసు అన్నీ ఉన్నాయి. చివర్లో సగం పేజీ తెల్లగా ఉంది.

"ఇదేటి సార్, ఖాళీగా వదిలేసేరు?" అంది మణి.

"ఈసారి పర్యావరణం, సామాజిక న్యాయం కూడా ఉండాలని హైదరాబాదు నుంచి ఫోనొచ్చిందమ్మా. నువ్వు డిగ్రీ సదివేవు కదా, నాలుగు ముక్కలు ఏసెయ్."

మణి వేసింది. 'భూతాపాన్ని ఎదుర్కొంటాం. లక్ష మొక్కలు నాటుతాం. బడుగు వర్గాలకు సామాజిక న్యాయం చేస్తాం.' ఈశ్వరరావు చూసి, కాలేజీ వాసనొస్తోందని మెచ్చుకుని వెళ్ళాడు.

సాయంత్రానికి తిరగలి పార్టీ రాజేంద్రప్రసాద్ వచ్చాడు. ఆయన కాగితంలోనూ అదే తెల్ల చోటు. గొడుగువాళ్ళేం రాశారో తెలుసుకోకుండా ఆయన కుర్చీలోంచి కదల్లేదు. ఎలాగూ అచ్చయ్యాక ఊరంతా పంచేదే కదా అని మణి చెప్పింది.

"ఆళ్ళు ఎదుర్కొంటారేటి? అయితే మనం ఓడిత్తామని రాయి. మొక్కలు రెండు లక్షలు. సామాజిక న్యాయానికి ముందు 'సంపూర్ణ' తగిలించు."

మర్నాడు బిందె పార్టీ కన్నబాబు వచ్చాడు. కొత్త పార్టీ, కొత్త చొక్కా. భూతాపాన్ని తరిమికొట్టమన్నాడు. మొక్కలు ఐదు లక్షలన్నాడు.

"ఐదు లక్షల మొక్కలు ఎక్కడ నాటుతారు సార్, సెరుకు తోటల్లోనా?"

"నాటుతామని ఎవరు రాయమన్నారమ్మా? ఇత్తామని రాయి. నాటుకోడం జనం పని."

ఆ వారమే జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే లక్ష్మీకుమారి మేడమ్ ప్రెస్సుకొచ్చింది. మహిళామండలి హాల్లో సభ పెడుతున్నామని, ముగ్గురినీ పిలిచి ఏ పార్టీ విధానం ఏమిటో జనం ముందు పోల్చి చూస్తామని చెప్పింది. అందుకు గోడకు తగిలించే పెద్ద పట్టిక కావాలంది. మణి గళ్ళు గీసి నింపింది. ఎదుర్కొంటాం, ఓడిస్తాం, తరిమికొడతాం. న్యాయం, సంపూర్ణ న్యాయం, సంపూర్ణాతిసంపూర్ణ న్యాయం. మూడు పార్టీల సిద్ధాంతాలూ తన కీబోర్డులోంచే వచ్చాయని ఆమెకు నవ్వొచ్చింది.

అప్పుడే ఎండుచేపల మూటతో మణి తల్లి తల్లమ్మ ప్రెస్సుకొచ్చింది. ఆమెది రాజయ్యపేట దగ్గర ఒక జాలరిపేట. చదువు రాదు. పట్టిక ఏమిటని అడిగితే మణి మొత్తం చదివి వినిపించింది.

"భూతాపమంటే ఏటే?"

"ఎండలు ముదిరి, సముద్రం పొంగి, తుఫాన్లు ఎక్కువవడం."

"అది మాకు తెలవదేటి? మరి మా మెట్ల సంగతి ఏ గడిలో ఉంది?"

మణి నవ్వు ఆగిపోయింది. పేటలో తుఫాను షెల్టరుంది. ఎత్తైన స్తంభాల మీద దిట్టంగానే ఉంది. మెట్లు మాత్రం రెండేళ్ళ క్రితం గాలివానకు కూలిపోయాయి. ఆ మరుసటి తుఫానుకు కుర్రాళ్ళు స్తంభాలు పట్టుకుని పైకి పాకారు. ముసలి మరిడమ్మను వలలో చుట్టి తాడుతో లాగారు. ఆమె మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మళ్ళీ తుఫానొస్తే ఇంట్లోనే ఉండిపోతాను గానీ చేపలా ఎక్కనని నాలుగో రోజు చెప్పింది.

తల్లి వెళ్ళాక మణి ఇంకా అచ్చుకెళ్ళని మూడు కరపత్రాల్లోనూ, పట్టికలోనూ భూతాపం కింద ఒకే వాక్యం కొట్టింది: 'జాలరిపేట తుఫాను షెల్టరుకు ఆరు నెలల్లో మెట్లు కట్టిస్తాం.' ప్రూఫులు తీసి ముగ్గురికీ విడివిడిగా చూపించింది.

"ఒకసారి సదవండి సార్," అని ప్రతివాడితోనూ అంది.

"నువ్వు కొట్టిందే కదమ్మా," అన్నారు ముగ్గురూ. సంతకాలు పెట్టారు. కరపత్రాలు వేలకు వేలు అచ్చయ్యాయి.

సభ రోజున లక్ష్మీకుమారి మేడమ్ పట్టిక చదువుతూ మెట్ల దగ్గరికొచ్చేసరికి ముగ్గురూ జేబుల్లోంచి కరపత్రాలు తీసి చూసుకున్నారు. తమ పార్టీ ఈ మాట ఎప్పుడిచ్చిందో ఎవరికీ గుర్తు రాలేదు. పక్కవాడు కూడా ఇచ్చాడన్నది మాత్రం కళ్ళముందు కనబడుతోంది.

"మా మెట్లు కాపీ కొట్టీసేరు!" అని ఈశ్వరరావు లేచాడు.

"మెట్ల ఆలోచనే మాది," అన్నాడు రాజేంద్రప్రసాద్. "పక్కన రెయిలింగు కూడా ఏత్తాం."

"మేం లిఫ్టెడతాం," అన్నాడు కన్నబాబు.

వెనక బెంచీలోంచి తల్లమ్మ లేచింది. "బాబూ, తుఫానులో కరెంటుండదు. మెట్లు సాలు," అంది. హాలంతా గొల్లుమంది.

రెండు రోజుల్లో గొడుగువాళ్ళు పేటకు ఇటుకలు తోలారు. ఐదు మెట్లు లేచేసరికి ఎన్నికల కోడ్ ఉల్లంఘన అంటూ తిరగలివాళ్ళు ఫిర్యాదు చేశారు. అధికారి వచ్చి ఫొటోలు తీసి పని ఆపించాడు. ఆ ఐదు మెట్ల మీద పేట పిల్లలు కూర్చుని మూడు పార్టీల పాటలూ పాడేవారు.

ఈశ్వరరావు ప్రెస్సుకొచ్చాడు. "ఆ మెట్ల ముక్క నువ్వు ఏసినావా?"

మణి సొరుగులోంచి ఆయన సంతకమున్న ప్రూఫు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని పైనుంచి కిందికి, బహుశా మొదటిసారిగా, చదివాడు.

"సభలో సప్పట్లు దానికే వచ్చాయి," అన్నాడు చివరికి. "ఇలాటివి ఇంకేటైనా ఉంటే ముందే సెప్పమ్మా."

గెలిచింది తిరగలి పార్టీ. విజయోత్సవం నాడు తల్లమ్మ నలభైమంది ఆడవాళ్ళతో వచ్చి, దండల మధ్యలోంచి కొత్త ఎంపీ చేతిలో కరపత్రం పెట్టింది. పక్కన టీవీ కెమెరా ఉంది. ఆయన నవ్వాడు. శ్రావణంలో పని మొదలైంది. గొడుగువాళ్ళ మెట్ల మీద తమ మెట్లు వేయడం ఇష్టంలేక, ఎంపీ తరఫున పని చూసే రాజేంద్రప్రసాద్ ఆ ఐదూ పగలగొట్టించి మళ్ళీ ఐదు కట్టించాడు. వాటి మీద ఇంకో పదమూడు. రెయిలింగు వేయలేదు. శిలాఫలకం మాత్రం వేశారు.

మరిడమ్మ మనవరాలి భుజం పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ తన కాళ్ళతోనే పైకెక్కింది. కింద నిలబడి చూస్తున్న మణి కళ్ళు తుడుచుకుంది. వెనకే తల్లమ్మా ఎక్కి సముద్రం వైపు చూసింది.

"ఓలమ్మా, ఒడ్డున సరుగుడు తోపులో ముందు వరసేది? ఉగాదికి ఉండీది కదే," అంది.

మణి గబగబా మెట్లెక్కి తల్లి పక్కన నిలబడింది. నిజమే. తోపులో ముందు వరస లేదు. అది ఉన్నచోట అలలు విరుగుతున్నాయి.