పెద్దల్లుడి అలక

కొత్తపేటలో మోటార్ల వైండింగ్ షాపు నడిపే జనార్ధన్ నోరు మూస్తే ప్రళయమేనని అత్తగారింటివాళ్లు ఎగతాళి చేసేవారు. కాలిన మోటారు తెచ్చినవాడికి కూడా చాయ్ తాగించి, వాళ్ల ఊరి చెరువు నిండిందో లేదో అడిగి పంపే మనిషి. అలాంటివాడు ఇరవై రెండేళ్ల కాపురంలో మొదటిసారి భార్య స్వర్ణలతతో మాట మానేశాడు.

కారణం చెబితే నవ్వుతారు. తుర్కయంజాల్‌లో బామ్మర్ది మహేందర్ ఇంటి గృహప్రవేశంలో చిన్నల్లుడికి ముందు బట్టలు పెట్టారు, పెద్దల్లుడైన ఈయనకు తర్వాత. అన్నం ముట్టకుండా బండెక్కి వచ్చేశాడు. స్వర్ణలత మాత్రం తక్కువ తిందా? "అలిగినోడే దిగిరావాలె" అని భీష్మించుకు కూర్చుంది. ఆయన ముందు పళ్లెం పెట్టేది, ఆయన తినేవాడు, అంతే. అలా రెండు నెలలు గడిచాయి. షాపులో కూడా మాట తగ్గిందని పనివాళ్లు చెబితే, "ఇంట్ల అలక షాపుదాక మోసుకపోయిండు" అని నవ్వింది. తలనొప్పి బిళ్లలు మింగడం చూసింది, కుడిచేతిలోంచి ముద్ద జారడం చూసింది. పంతం కళ్లకు గంతలు కట్టాక ఏది కనిపిస్తుంది? అదంతా అలకే అనుకుంది.

చివరికి మహేందరే వచ్చాడు. బావకు బొట్టు పెట్టి, కొత్త బట్టలు చేతికిచ్చి, "తప్పైంది బావా, ఇగ మాట్లాడు" అన్నాడు. జనార్ధన్ నోరు తెరిచాడు. "అది... అది..." అన్నాడు. ఇంకేమీ రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సాయంత్రమే ఎల్‌బీ నగర్‌లోని దవాఖానలో స్కానింగ్ తీశారు. మెదడులో ఎడమవైపు, మాట పుట్టేచోట గడ్డ. వేగంగా పెరిగే రకంలా ఉందన్నారు. వాపు తగ్గడానికి మందిచ్చి ఇంటికి పంపారు. మూడో రోజుకు మాటలు తిరిగొచ్చాయి. "జర చాయ్ పొయ్యి" అని ఆయన అంటే స్వర్ణలత స్టవ్ దగ్గర నిలబడి ఏడ్చింది. ఆ రోజు నాలుగుసార్లు చాయ్ పెట్టింది, అడిగించుకోవడానికే.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు. "ఇది నయం కావడం కాదమ్మా, వాపు తగ్గిందంతే. ముందే వచ్చుంటే గడ్డ చిన్నగా ఉండేది, మాటను కాపాడుకుంటూ తీసేవాళ్లమేమో. ఇప్పుడు ఆపరేషన్ చేసి, తర్వాత ఆరు వారాలు రేడియేషన్, మాత్రలు ఇస్తే ఏడాది దాకా ఆశ పెట్టుకోవచ్చు. కానీ మాట చాలావరకు పోతుంది. ఆపరేషన్ వద్దంటే, సూదితో ముక్క తీసి పరీక్ష చేసి, మూడు వారాల రేడియేషన్ ఇస్తాం. మాట కొన్నాళ్లు నిలవొచ్చు, మనిషి మాత్రం నాలుగైదు నెలలు. అదీ వద్దంటే బాధ లేకుండా చూసుకుంటాం. మాట ఉండగానే ఆయన్నే అడగండి."

స్వర్ణలత మనసు రెండోదాని మీదే పడింది. ఆమెకు ఆ గొంతు కావాలి. చేజేతులా రెండు నెలలు పోగొట్టుకున్న ఆ షాపు కబుర్లు, సణుగుడు, అన్నీ కావాలి. ఇంటి ముందు కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టి, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది.

"ఏం జేద్దాం?"

"మొదటి వారం నిజంగనే అలిగిన," అన్నాడు జనార్ధన్, ఒక్కో మాట ఏరుకుంటూ. "తర్వాత నిన్ను పిలుద్దామనుకున్న. నీ పేరు దొరకలే."

ఆమె ఆయన కుడిచేతిని తన ఒళ్లోకి తీసుకుంది. తర్వాత, "ఆపరేషన్ వద్దు. నాకు నీ మాట గావాలె" అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఏడాది అంటున్నరు గద. మాట లేకుంటేంది? మొన్నటిదాక గట్లనే ఉన్న గద నీ పక్కన. అప్పుడు నువ్వు నా దిక్కు చూడలే. ఇప్పుడు చూస్తవు."

మర్నాడు స్వర్ణలత ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టింది. సోమవారం పొద్దున స్ట్రెచర్ వచ్చేదాకా ఆయన్ని ఒక్క నిమిషం కూడా నోరు మూయనివ్వలేదు.