సుద్దపొడి మీద తడి మచ్చ

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు రాఘవేందర్ క్రేన్ వేసుకుని వచ్చాడు. పాత బండ్లు కొని తుక్కు కింద విడదీసే మనిషి. మెట్టుగూడలో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలిచి ఉన్న లారీకి అప్పుడే గొలుసు కూడా తగిలించాడు.

"కాసేపు ఆగండి. జంగయ్య ఒకసారి చూస్తాడు," అన్నాను.

"మస్తు మంది చూసిన్రు గద మేడం! హెడ్ పోయిన బండి. జంగయ్య చూస్తే లేచి ఉరుకుతదా?"

చూసిన మాట నిజమే. ఇద్దరు మెకానిక్‌లు ఇంజిన్ హెడ్ పగిలిందన్నారు. రేడియేటరులో పోసిన నీళ్ళు తగ్గిపోతున్నాయి, కింద నేల మీద చుక్క కనబడదు. కాబట్టి ఇంజిన్ లోపలికే పోతున్నాయని వాళ్ళ లెక్క. నా భర్త యేసురాజు ఒప్పుకోలేదు. ఆస్పత్రి మంచం మీద కూడా, "హెడ్ పోలేదు. ఎక్కడో చిన్న చోట కారుతోంది. రోజూ కాసిని నీళ్ళు పోస్తూ ఉండు," అన్నాడు. బండి గురించి ఆయన అన్న ఆఖరి మాట అది.

ఆయన పోయి తొమ్మిది వారాలైంది. రోజూ బడి నుంచి రాగానే చెంబెడు నీళ్ళు పోశాను. పది రోజుల క్రితం తాళం తిప్పిస్తే బండి లేవలేదు. ఇక హెడ్ పోయినట్టేనని అందరూ తేల్చేశారు. అమ్మడానికి నేనూ ఒప్పుకున్నాను. కానీ ఇరవై రెండేళ్ళు ఆ బండి నడిపిన మనిషి మాట నిజమో కాదో తెలుసుకోకుండా పంపబుద్ధి కాలేదు.

జంగయ్య చిలకలగూడలో మెకానిక్, మా ఆయనకు పాత స్నేహితుడు. కంటి ఆపరేషనై నెలరోజులు ఇంట్లోనే ఉండి, నిన్ననే బయటికి వచ్చాడు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ తెచ్చి బిగించాడు. ముందుగా ఇంజిన్ ఆయిల్ చూసే కమ్మీ బయటికి లాగి నా ముందు పెట్టాడు.

"చూడుండ్రి టీచరమ్మా. హెడ్ పోతే ఆయిల్‌ల నీళ్ళు కలిసి చాయ్ లెక్కయితది. గిది నల్లగ, మంచిగుంది."

కమ్మీ కొసను వేలితో తాకి చూశాను.

"మరి నీళ్ళేడికి పోయినయే? నువ్వు తాగినవా?" అన్నాడు రాఘవేందర్.

"నువ్వు ఊకో జెర. గొలుసు పట్టుకొని నిలబడు."

జంగయ్య హారన్ నొక్కాడు. రాఘవేందర్ ఉలిక్కిపడ్డాడు. లైట్లు వెలిగాయి. తాళం తిప్పితే మాత్రం టక్కుమని ఒక్క చప్పుడు, అంతే.

"బ్యాటరీ మంచిగనే ఉంది. తక్లీఫ్ ఇంజిన్ తిప్పే స్టార్టర్ కాడ. ముందుగాల నీళ్ళ సంగతి చూద్దాం."

సంచిలోంచి ఒక పాత రేడియేటరు మూత తీశాడు. దానికి సైకిలు ట్యూబు వాల్వు అతికించి ఉంది. దాన్ని బిగించి పంపుతో గాలి కొడితే, లోపలి నీళ్ళు ఎక్కడ సందుంటే అక్కడ బయటికి వస్తాయట. కొట్టాడు. టార్చి వేసి వెతికాడు. ఇంజినంతా జిడ్డూ మట్టీ. ఎంత వెతికినా తడి కనబడలేదు.

"కన్ను ఇంకా మసక మసకనే ఉంది టీచరమ్మా," అన్నాడు నెమ్మదిగా.

రాఘవేందర్ వాచీ చూసుకున్నాడు. నాకు మా తరగతి డస్టర్ గుర్తొచ్చింది. సుద్ద పట్టిన డస్టర్ మీద ఒక్క చుక్క పడినా వెంటనే తెలిసిపోతుంది.

"ఒక్క నిమిషం!" అని ఇంట్లోకి పరుగెత్తాను. సుద్దముక్కల పెట్టె తెచ్చి, రోట్లో వేసి మెత్తగా దంచాను. ఇంజిన్‌ను పాత చీరతో ఇద్దరం తుడిచాం. పొడి చల్లాం. ఇంజిన్ సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది.

"పంపు నువ్వు కొట్టు," అన్నాడు జంగయ్య రాఘవేందర్‌తో.

"నేనా? బండి తీస్కపోనీకొచ్చిన, పంపు కొట్టనీకి గాదు."

"గట్టిగున్నవు గద, కొట్టు!"

పది సార్లు కొట్టాడు. ఏమీ లేదు. పదిహేను. దగ్గరగా వంగి చూస్తున్నాను. ఇంజిన్ పక్కన, స్టార్టర్‌కు సరిగ్గా పైన, తెల్లటి పొడిలో ఒక బూడిదరంగు చుక్క లేచింది. అది పెద్దదై, జారింది.

"అదిగో! అదిగో, జంగయ్యా!" అని అరిచాను. నా గొంతు వీధి దాకా వెళ్ళి ఉంటుంది.

రాఘవేందర్ పంపు వదిలేసి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూశాడు. "అరే, నిజంగనే కారుతుందే!"

అక్కడ ఇంజిన్ లోపలి నీళ్ళు బయటికి రాకుండా ఆపే రూపాయి బిళ్ళంత ఇనుప మూత ఒకటి తుప్పు పట్టి సన్నగా చిల్లిపడింది. నీళ్ళు స్టార్టర్ మీదుగా జారి, కింది రేకులో పేరుకున్న మట్టిలో ఇంకిపోతున్నాయి. స్టార్టర్ వైరు కొస పచ్చగా చిలుం పట్టి ఉంది.

"రెండు బీమార్లు గాదు టీచరమ్మా, ఒక్కటే," అంటూ జంగయ్య నవ్వాడు. "మీరు దినాం పోసిన నీళ్ళే స్టార్టర్‌కు తానం చేపిచ్చినయి."

నవ్వు వచ్చింది నాకు కూడా. తొమ్మిది వారాల తర్వాత.

స్టార్టర్ విప్పి, కొసలు గరుకు కాగితంతో మెరిసేలా రుద్దాడు. తుప్పు పట్టిన మూత పీకి, సంచిలోంచి కొత్తది తీసి సుత్తితో దిగగొట్టాడు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ సుద్దపొడి. పంపు ఈసారి ఎవరూ చెప్పకుండానే రాఘవేందర్ అందుకున్నాడు. ముప్పై సార్లు కొట్టినా పొడి తెల్లగానే ఉంది.

జంగయ్య స్టార్టర్ బిగించి సీట్లోకి ఎక్కాడు. తాళం తిప్పాడు. ఇంజిన్ గిరగిరా తిరిగింది, దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాడు. నల్లటి పొగ కక్కి, బండి మొత్తం వణికి, లేచింది. సుద్దపొడి మా ముగ్గురి మీదా ఎగిసిపడింది.

రాఘవేందర్ వెళ్ళి గొలుసు విప్పాడు.

జంగయ్య కిటికీలోంచి వంగి, "యేసన్న మాటే ఖరారైంది! హెడ్ పోలే!" అన్నాడు.

"ఏమన్నావు?" అన్నాను.

"హెడ్ పోలే! యేసన్న చెప్పిందే కరెక్టు!" ఈసారి గట్టిగా అరిచాడు, ఇంజిన్ చప్పుడులో వినపడలేదేమోనని.

మొదటిసారే వినపడింది. ఆ సంగతి జంగయ్యకు చెప్పలేదు.